వంగని బొటనవేలు

మా చిన్నప్పుడు... మాక్లూర్ పక్కన మా ఊళ్ళో అక్క ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటే, నేను పక్కన కూర్చొని సైన్సు పాఠం చదివేదాన్ని. కీళ్ళ పాఠం ఎంతకీ బుర్రకెక్కేది కాదు...

అక్క తన ఒంటినే చూపించి చెప్పేది. "మెడది బొంగరపు కీలు, గిట్ల తిరుగుతది. భుజానిది బంతిగిన్నె కీలు, అన్ని దిక్కుల తిరుగుతది. మోకాలిది, చేతి ఏళ్ళది మడతబందు కీలు... తలుపు లెక్క ఒక్క దిక్కే."

"మరి పుర్రెది?"

"అది కదలని కీలు. దానికెవ్వలు పని చెప్పరు" అని నవ్వింది.

ఇంటర్ పాసైన అక్కకు నిజామాబాద్‌లో డిగ్రీ చదవాలని మహా ఆశ. కానీ ఆమె వేళ్ళ వేగం వాడకట్టంతటికీ తెలుసు. అప్పట్లో మా వైపు పిల్లను చూడటానికి వస్తే, రంగు రూపం కన్నా ముందు బీడీలు చుట్టించి చూసేవారు...

వేల్పూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లగాని తల్లి చాయ్ తాగి, చాట తెప్పించి అక్క ముందు పెట్టింది. అక్క తునికాకులో తంబాకు పోసింది... బొటనవేలు మాత్రం కట్టెలా నిటారుగా పెట్టింది. ఆకు విడిపోయింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ విడిపోయింది.

"బొటనేలు వంగుతలేదు పెద్దమ్మా" అంది తల దించుకొని.

నాకు మొత్తం అర్థమైంది. అక్క గెలిచిందని లోపల్లోపలే ఎగిరి గంతేశాను.

అంతలో అవ్వ వచ్చింది... అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. అక్క చెయ్యి లాక్కొని అందరి ముందు ఒక్కో వేలి మెటిక విరిచింది. చివరికి బొటనవేలు పట్టుకొని నొక్కింది. అక్క పళ్ళు బిగించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి... వేలు వంగింది.

"సూడుండ్రి, మంచిగనే వంగుతున్నది. పిల్ల సిగ్గుపడుతున్నది, గంతే!"

అందరూ నవ్వారు. పెళ్ళి ఖాయమైంది. డిగ్రీ మాట అక్క మళ్ళీ ఎత్తలేదు. అవ్వ మీద నాకు ఈ రోజుకీ కోపమే...

మొన్న అక్కను డాక్టరుకు చూపించాను. అత్తగారింట్లో ఇన్నేళ్ళు బీడీలు చుట్టి చుట్టి బొటనవేలి కీలు అరిగి బిగుసుకుపోయింది. ఆయన రెండుసార్లు వంచమన్నాడు. వంగలేదు.

అక్క నా వైపు చూసింది. "గప్పుడే గిట్ల బిగుసుకుంటే ఎంత మంచిగుండునే..."

ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళిచూపుల్లో ఎవరూ చాట తేవడం లేదు. ఆడపిల్లలు పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి పోతున్నారు. సంతోషమే... మా అక్కకే ఆలస్యమైంది.

మీ ఇళ్ళల్లోనూ అందరూ తెగ మెచ్చుకున్న చేతులు ఉండే ఉంటాయి... ఆ చేతుల మనిషికి ఏం కావాలో అప్పుడు ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే రాయండి, మా అక్కకు చదివి వినిపిస్తాను.