బీరువా వెనక స్విచ్చు

2018 ఏప్రిల్‌లో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. హోదా సహాయ విద్యుత్ తనిఖీ అధికారి. ఆ పేరు వినగానే చాలామంది మేం కరెంటు బిల్లులు చూసేవాళ్లమనుకుంటారు. మీటర్లతో, బిల్లులతో మాకు సంబంధం లేదు. సినిమాహాళ్లకు, మిల్లులకు, పెద్ద భవనాలకు వైరింగు సరిగా ఉందని ధ్రువపత్రం ఇవ్వడం మా పనిలో ఒక సగం. రెండో సగం గురించి పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే నేను మాట మార్చేవాణ్ని. కరెంటు తగిలి మనిషి గానీ పశువు గానీ చనిపోతే, అది ఎలా జరిగిందో తేల్చి రాయడం ఆ రెండో సగం.

దానికొక పద్ధతి ఉంది. ప్రమాదం జరగగానే సరఫరా చేసే సంస్థ నుంచి మాకు కబురు వస్తుంది. మేం వెళ్లేదాకా అక్కడ ఏదీ కదపకూడదు. వెళ్లాక మెగ్గర్ అనే పరికరంతో వైర్ల మీది తొడుగు ఎక్కడైనా దెబ్బతిన్నదా అని చూస్తాం. ఎర్త్ ఉందా, ఉంటే పని చేస్తోందా అని ఇంకో పరికరంతో చూస్తాం. ఇంటివాళ్ల వాంగ్మూలాలు రాసుకుంటాం. చివరికి నివేదిక. అది నా పై అధికారికి, అక్కడి నుంచి పోలీసులకు, సరఫరా సంస్థకు వెళుతుంది. ఇంటివాళ్లకు కాపీ కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకోవచ్చని వాళ్లకు చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

నేను చేరిన రెండో నెలలో, మే చివర, నారాయణపేట దారిలోని ఒక ఊరి నుంచి అలాంటి కబురు వచ్చింది. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

చనిపోయినతని పేరు మల్లయ్య అనుకోండి. అరవై దాటిన మనిషి. గొర్ల మంద ఉంది, ఒక బోరు కింద కొంత పొలం ఉంది. ఇంట్లో భార్య నర్సమ్మ, కొడుకు శ్రీను, కోడలు జ్యోతి, జ్యోతికి తొమ్మిది నెలల ఆడపిల్ల. ఆ ఎండలకు పసిదాని ఒళ్లంతా చెమటకాయలు లేచి రాత్రింబవళ్లు ఏడుస్తుంటే, మల్లయ్య ఎవరినీ అడగకుండా మహబూబ్‌నగర్ పోయి స్ప్లిట్ ఏసీ కొనుక్కొచ్చాడు. ఆ వాడలో అదే మొదటి ఏసీ. తనకు చల్లగాలి పడదని అతను మాత్రం అరుగు మీదే పడుకునేవాడట.

బిగించడానికి వచ్చిన ఫిట్టర్ రిమోట్ సంగతి జ్యోతికి చెప్పాడు. ఇంటర్ చదివిన పిల్ల కాబట్టి ఇంట్లో ఆమెకే చెప్పాడు. ఆమె దాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. పసిపిల్ల ఉన్న గది కాబట్టి ఇరవై ఆరు మీదనే ఉంచేది. గాలి నేరుగా పాప మీద పడకుండా రెక్కను పైకి తిప్పి పెట్టేది. తెల్లవారుజామున దానంతటదే ఆగేలా టైమర్ పెట్టేది. ఆపిన వెంటనే మళ్లీ వేస్తే బయటి యంత్రం మీద భారం పడుతుందని మూడు నిమిషాలు ఆగేది. నా ఉద్యోగంలో చూసిన చదువుకున్న ఇళ్లలో కూడా ఇంత జాగ్రత్త తక్కువ.

ఫిట్టర్ ఆమెకు చెప్పని మాట ఒకటుంది. రిమోట్‌తో ఆపితే ఏసీ ఆగుతుంది గానీ, ఏసీలోకి వచ్చే కరెంటు ఆగదు. అది ఆగాలంటే గోడ మీద ఏసీకని వేరుగా పెట్టిన స్విచ్చు దించాలి. ఫిట్టర్ ఆ స్విచ్చును చిన్న ఇనుప డబ్బాలో బాగానే బిగించాడు. తర్వాత ఇంటివాళ్లు బీరువాను జరిపి సరిగ్గా దాని ముందర పెట్టుకున్నారు. నేను చెయ్యి పెట్టి చూశాను, వేళ్లు కూడా అందలేదు. పైగా ఏసీకి ఎర్త్ వైరు కలపనే లేదు. కొస కత్తిరించి టేపు చుట్టి వదిలేశారు. ఇవి రెండూ నివేదికలో రాశాను.

ఇక జరిగింది. రెండు రోజులుగా ఏసీలో నుంచి దుర్వాసన వస్తోంది. లోపల బల్లి చచ్చి ఉంటుందని మల్లయ్య అనుకున్నాడు, అది నిజమే. ఆ మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. నడుస్తున్న ఏసీ ఆగింది. ఇదే అదను అనుకుని అతను ఇనుప స్టూలు వేసుకుని ఎక్కాడు.

పట్నంవాళ్లకు ఇది మొండితనంలా కనిపించవచ్చు. నాకు అలా కనిపించలేదు. పొలాల కరెంటుకు ఏళ్ల తరబడి వేళలు ఉండేవి. ఫలానా గంటకు వస్తుంది, ఫలానా గంటకు పోతుంది. పోయాక మళ్లీ వేళ అయ్యేదాకా రాదు. బోరు స్టార్టర్ డబ్బా విప్పాలన్నా, లోపల కాలిన ముక్కలు గీకాలన్నా రైతులు ఆ సందులోనే చేసుకునేవాళ్లు. మల్లయ్య ఇరవై ఏళ్లు అలాగే చేశాడు, ఒక్కనాడు కూడా చురుక్కుమనలేదు. అతని లెక్కలో కరెంటు పోవడమే స్విచ్చు దించడం. ఇంటి కరెంటుకు వేళలు లేవన్న సంగతి ఆ క్షణంలో అతనికి తట్టలేదు.

ఏసీ ముందరి మూత ఎత్తి జల్లెడలు తీసి కడుక్కోవడం ఎవరైనా చేసుకోవచ్చు, దానికి స్క్రూ విప్పే పనిలేదు. అతను అక్కడితో ఆగలేదు. బల్లి తోక కుడి పక్క కనబడితే, ఆ పక్కన వైర్లు కలిపే చోట ఉన్న చిన్న మూత స్క్రూ విప్పాడు. కుడిచేతిలో తడిగుడ్డ. ఎడమచేత్తో కింది కిటికీ ఊచ పట్టుకున్నాడు. అప్పుడు కరెంటు వచ్చింది.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి శవం జిల్లా దవాఖానలో ఉంది. ఊరి లైన్‌మన్ ఇంటి ఫ్యూజు పీకి పెట్టి, గదికి గొళ్లెం వేసి కాపలా ఉన్నాడు. వాకిట్లో జనం. జ్యోతి ఒక్కతే పిల్లను ఎత్తుకుని పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉంది. ఆమె పక్కన ఎవరూ లేరు. ఎందుకో నర్సమ్మ వాంగ్మూలంతో తెలిసింది.

"రిమోటు ఆమె చేతులనే ఉండె సారూ. నేను గడప కాడ ఉన్న. టీక్ మని సప్పుడైంది, గంతే, ఆయన కొట్టుకుంట కొట్టుకుంట కిందవడ్డడు. గా ఇంట్ల రిమోటు నొక్కేది ఆమె ఒక్కతే. మామ ఏసీల చెయ్యి వెట్టి ఉన్నడని సూడలే."

శ్రీను ఆ సమయానికి మంద దగ్గర ఉన్నాడు. ఏమీ చూడలేదు. తల్లి చెప్పిందే చెప్పాడు.

జ్యోతి వాంగ్మూలం చిన్నది. రిమోట్ మంచం మీద ఉంటే పాప తీసుకుని నోట్లో పెట్టుకుంటోంది, ఈమె గుంజుకుంది, అంతలో చప్పుడైంది. "గుంజుకునేటప్పుడు నొక్కిన్నో నొక్కలేదో నాకు ఎరుక లేదు సార్. యాదికి తెచ్చుకుందామంటె వస్తలేదు." తాను నొక్కలేదని అనడం ఆమెకు తేలిక. అలా అనలేదు.

పరీక్ష చేసేటప్పుడు ఇంటివాళ్లను గదిలోకి రానివ్వం. నేను, లైన్‌మన్ ఇద్దరమే లోపలికి వెళ్లాం. బీరువా జరిపించి ఏసీ స్విచ్చు దించాను. రిమోట్‌లో సెల్లులు రెండూ తీసి జేబులో వేసుకున్నాను. లైన్‌మన్‌తో ఫ్యూజు పెట్టించి, గోడ స్విచ్చు ఎత్తాను. ఏసీ టీక్‌మంది. రెక్క తెరుచుకుంది. కరెంటు పోయినప్పుడు నడుస్తూ ఉన్న ఏసీ, కరెంటు రాగానే తనంతట తానే మొదలవుతుంది, అప్పుడా చప్పుడు కూడా చేస్తుంది. రిమోట్ అక్కర లేదు.

తర్వాత సెల్లులు మళ్లీ వేసి, రిమోట్‌తోనే ఏసీని ఆపాను. ఆగిన ఏసీలో, మల్లయ్య చెయ్యి పెట్టిన చోట వోల్టుమీటరు పెడితే పూర్తి కరెంటు చూపించింది. అంటే ఆ పిల్ల రిమోట్ నొక్కినా, నొక్కకపోయినా, ఆ రిమోట్ అసలు ఇంట్లోనే లేకపోయినా అతను బతికేవాడు కాదు. ఇది తేలడానికి మాకు అరగంట పట్టలేదు.

లైన్‌మన్ నా మొహం చూసి, "గా పిల్లది ఏం తప్పు లేదు గద సార్, బయటికి వొయ్యి చెప్తమా?" అన్నాడు. నివేదిక పోయేదాకా నోరు విప్పవద్దని నేనే అతనికి చెప్పాను. అతను చిన్న ఉద్యోగి. విప్పలేదు.

జీపు దగ్గరికి జ్యోతి వచ్చింది. పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది. "సారూ, నేను నొక్కితెనే అయిందా?" అని అడిగింది. నేను, "రిపోర్టులో వస్తుందమ్మా" అని జీపు ఎక్కాను.

దీనికి నా దగ్గర అప్పట్లో ఒక కారణం ఉండేది. నల్లగొండలో పని చేసినప్పుడు ఒక ప్రమాద స్థలంలో ఏదో మాట జారితే, దాన్ని పట్టుకుని కోర్టులో నన్ను ఒక పూటంతా నిలబెట్టారు. అప్పటి నుంచి స్థలంలో మూగవాణ్నయ్యాను. దాన్ని నియమం అని చెప్పుకునేవాణ్ని. ఎంత తేలితే అంత చెప్పకూడదని ఏ నియమంలోనూ లేదు, తర్వాత వెతికి చూశాను. భయానికి నియమం అని పేరు పెట్టుకున్నానంతే.

నివేదిక మూడు వారాలకు రాశాను. మరణ కారణం అన్న చోట, సరఫరా వేరు చేయకుండా కరెంటు ఉన్న భాగాన్ని తాకడం, ఉపకరణానికి ఎర్త్ లేకపోవడం అని రాశాను. సాంకేతికంగా ఒక్క అక్షరం తప్పు లేదు. రిమోట్ అన్న మాట ఆ నివేదికలో ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ ఫారంలో దాన్ని అడిగే గడి లేదు. పై అధికారి సంతకం పెట్టి పంపేశారు. నేను ఇంకో కేసులో పడ్డాను.

డిసెంబరులో అచ్చంపేట దగ్గర ఒక బోరు ప్రమాదం చూసి వస్తుంటే, దారి పక్క చేన్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లలో ఒకామె నన్ను చూసి గట్టు దాకా వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. తాను జ్యోతినని తనే చెప్పింది. పదకొండో రోజు కాగానే తల్లిగారింటికి పంపించేశారట. శ్రీను రెండుసార్లు వచ్చి పాపను చూసి పోయాడు, రమ్మని మాత్రం అనలేదు. ఊళ్లో ఆమెను మామను చంపిన కోడలు అంటున్నారు. ఇవన్నీ ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పి, "గా రిపోర్టు వచ్చిందా సారూ?" అంది.

చెప్పాను. సెల్లులు తీసి పరీక్ష చేసిన సంగతి, చప్పుడు దానంతటదే వచ్చిన సంగతి, నొక్కినా నొక్కకపోయినా ఒకటేనన్న సంగతి వరసగా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"గిది మీకు ఎప్పుడు ఎరుకైంది?" అంది.

ఆ రోజేనని చెప్పాను.

"నేను మిమ్ముల అడగక ముందుగాలనా?"

అవునన్నాను. ఆమె పత్తి ఒడి సర్దుకుని, తన సాలులోకి వెళ్లిపోయింది. తిడితే పడేవాణ్ని. నాకు ఆ గట్టు మీద నిలబడడానికి సిగ్గేసింది.

ఆ వారంలోనే నివేదిక కాపీ తీసుకుని ఆ ఊరికి వెళ్లాను. ఏసీ ఉన్న చోట గోడ రంధ్రాలు సిమెంటుతో పూడ్చేశారు. మంద అమ్మేసి శ్రీను కూలీపనికి ముంబై పోయాడట. నర్సమ్మకు అంతా విప్పి చెప్పాను. రిమోట్ కోసం అడిగితే ఎక్కడ పారేశారో తెలియదంది.

"నేను ఇంటింటికి వొయ్యి చెప్పిన సారూ," అంది. "చుట్టాలందరికి ఫోన్లు జేసి చెప్పిన. ఇగ ఇప్పుడు ఎవ్వలికని చెప్పాలె? చెప్తె మాత్రం ఎవ్వలు నమ్ముతరు?"

కోడలిని పిలిపించమన్నాను. ఆమె తలూపింది. పిలిపించిందో లేదో కొన్నాళ్ల తర్వాత లైన్‌మన్‌ను అడిగాను. ఫోన్ చేసిందనీ, జ్యోతి రానందనీ చెప్పాడు.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండు పనులు మానలేదు. ఏసీ ఉన్న ఇంటికి వెళితే, రిమోట్ ఆపుతుంది గానీ కరెంటును తీయదని, లోపల చెయ్యి పెట్టాలంటే ముందు రిమోట్‌తో ఆపి తర్వాత గోడ స్విచ్చు దించాలని, ఆ స్విచ్చు ముందర ఏదీ అడ్డం పెట్టవద్దని, కరెంటు పోవడాన్ని స్విచ్చుగా నమ్మవద్దని, స్క్రూ ఉన్న మూత జోలికి పోవద్దని చెప్పేవాణ్ని. చావు జరిగిన ఇంట్లో, ఎంత తేలితే అంత, జీపు ఎక్కకముందే అందరి ముందర చెప్పేవాణ్ని. దాని వల్ల నన్ను ఒక్కసారి కూడా ఎవరూ కోర్టుకు లాగలేదు.

రిమోట్‌లో సెల్లులు తీసి, దాన్ని నర్సమ్మ చేతికే ఇచ్చి, ఆమె కళ్ల ముందర గోడ స్విచ్చు ఎత్తి చూపించడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రోజు నేను ఆ వాకిట్లో ఇంకో అరగంట ఉన్నాను. పంచనామా మీద సంతకాలు పెట్టించుకుంటూ.