బావి మీది బండ, గాలిలో తిరిగిన డ్రోను

2024 ఫిబ్రవరి 17, శనివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. బనగానపల్లెకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక మామిడితోట. ఆకాశం నిర్మలం. తూర్పుగాలి గంటకు మూడు కిలోమీటర్లు, అంటే డ్రోను ఎగరడానికి ఏ అభ్యంతరమూ లేని గాలి. ఈ వివరాలు ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఉదయం జరిగినదానికి గాలిని నిందించినవారు ఉన్నారు. గాలికి ఆ నింద చెందదు.

నేను సర్వే శాఖలో ముప్పైనాలుగేళ్లు పనిచేసి విరమించాను. గొలుసుతో భూమి కొలిచిన తరం నాది. ఇప్పుడు కర్నూలులో షబానా అనే డ్రోను పైలట్‌తో కలిసి కొలతల పని చేస్తున్నాను. ఎగరవేయడం ఆమె వంతు, సరిచూడడం నా వంతు.

మమ్మల్ని పిలిపించినవారు మార్తమ్మ, ఏసురత్నం అనే అక్కాతమ్ముళ్లు. తండ్రి పోతూ తోటను చెరిసగం పంచుకోమన్నాడు. ఎకరాల చొప్పున కాదు, చెట్ల చొప్పున. తమ్ముడు లెక్కిస్తే రెండువందల పదకొండు వచ్చాయి, అక్క లెక్కిస్తే రెండువందల పద్నాలుగు. ఆ మూడు చెట్ల తేడాతో ఏడాదిన్నరగా ఇద్దరికీ మాటలు లేవు. ఒకే చర్చికి వెళ్లి వేర్వేరు తలుపుల గుండా బయటికి వస్తున్నారు. పాస్టరుగారు నచ్చజెప్పిన మీదట, పైనుంచి చూసి తేల్చే లెక్కకు ఇద్దరూ ఒప్పుకున్నారు. అదీ కుదరకపోతే సోమవారం దావా వేయడానికి మార్తమ్మ వకీలు కాగితాలు సిద్ధం చేసి ఉంచాడు.

నేను పెట్టిన పద్ధతి ఇది. డ్రోను ఒక్కొక్క వరుస మీద ఆగుతుంది. ఇద్దరూ ఒకే తెర చూసి లెక్కిస్తారు. ఇద్దరూ ఒకే అంకె చెప్పిన తరువాతనే పక్క వరుసకు పోవాలి. కనుక మాకు కావలసింది వేగం కాదు, హోవరింగ్. అంటే గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడడం.

తానెక్కడ ఉన్నదీ డ్రోనుకు ఉపగ్రహాలు చెబుతాయి. తన ముఖం ఏ దిక్కుకు ఉన్నదీ దానిలోని కంపాస్ చెబుతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడు డ్రోనును చేత పట్టుకొని, ఒకసారి అడ్డంగా, ఒకసారి ముక్కు కిందికి వంచి, చుట్టూ తిప్పుతాం. దీన్నే కంపాస్ కాలిబ్రేషన్ అంటారు. సమమైన చోటు కావాలని అడిగితే ఏసురత్నం తోట నడుమనున్న నాపరాయి అరుగు చూపించాడు. మా జిల్లాల్లో ఎవరైనా అదే చూపిస్తారు. నాపరాయిలో ఇనుము ఉండదు గనుక నేనూ సరేనన్నాను. షబానా తిప్పింది. సరిపోయినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

డ్రోను లేచింది గాని నిలవలేదు. చిన్న వలయంగా తిరగడం మొదలుపెట్టి, వలయం పెంచుకుంటూ పోయింది. దిక్కు తప్పుగా తెలిసిన డ్రోను కొంచెం పక్కకు జరిగితే, వెనక్కి వస్తున్నాననుకుంటూ మరొక వైపుకు పోతుంది. ఆ తప్పును దిద్దుకోబోయి ఇంకొక వైపుకు పోతుంది. మూడవ వలయం పడమటికి సాగింది. ఏసురత్నం ఇల్లు ఆ వైపే.

మార్తమ్మ చేతులు కట్టుకొని చూస్తున్నది. "ఏం సారూ, మీ మిషనుకు గూడా మా తమ్ముడంటేనే ముద్దున్నట్టుండాదే. వాని పక్కకే పోతాంది."

గాలికి పోతున్నదని ఏసురత్నం నాతో అన్నాడు, ఆమెకు వినబడేటట్టు.

ఆమె షబానా వైపు తిరిగింది. "ఒక్క పూరెమ్మ గూడా కదల్లేదు. యాడిదమ్మా గాలి?"

షబానా ఉపగ్రహాల సాయం తీసివేసి, చేతి నేర్పుతోనే డ్రోనును దించింది. మార్తమ్మ కొంగు సర్దుకొని, ఇక సోమవారం వకీలే లెక్క చూస్తాడని చెప్పి కదిలింది. నేను పావుగంట గడువు అడిగాను. ముఖం చూసి ఇచ్చిందో, వయసు చూసి ఇచ్చిందో, ఆగింది.

నా సంచిలో పాత ప్రిస్మాటిక్ కంపాస్ ఎప్పుడూ ఉంటుంది. దానితో ఒక చోటినుంచి మరొక చోటికి దిక్కు చదివి, అక్కడికి వెళ్లి వెనక్కి చదివితే రెండు అంకెలకూ సరిగ్గా నూటఎనభై డిగ్రీల తేడా రావాలి. రాకపోతే దగ్గరలో ఇనుము ఉన్నట్టు. అరుగు మీదినుంచి మూల హద్దురాయికి నూటపన్నెండు వచ్చింది. హద్దురాయినుంచి వెనక్కి రెండువందల తొంభైరెండు రావాలి. రెండువందల అరవైఒకటి వచ్చింది. ముప్పైఒక్క డిగ్రీల తేడా. హద్దురాయికీ తోట చివరనున్న పాక గుంజకూ నడుమ చదివితే ఏ తేడా లేదు. దోషం అరుగులోనే ఉంది.

బండల కింద ఏముందని అడిగాను.

"పాత బావి సారు. మట్టితో పూడ్చినారు," అన్నాడు ఏసురత్నం.

మార్తమ్మ నవ్వింది. "అంత బావి పూడ్చేదానికి మట్టి యాడిదిరా? నువ్వు నంద్యాల హాస్టల్లో ఉంటివి, నీకేం తెలుసు. బోరు పడిన ఏడు నాయన డోన్ నుంచి పాత రైలు పట్టాలు తెప్పించి అడ్డం పరిచె. దాని మీద బండలు. సున్నం కలిపింది నేనే."

ఏడాదిన్నరలో ఆమె నేరుగా తనతో అన్న మొదటి మాట అదేనని ఏసురత్నం తరువాత నాకు చెప్పాడు.

అరుగుకు అరవై మీటర్ల దూరంలో ఖాళీ చేనులోకి మారాము. అదీ ఇనుమే గనుక మా మోటారుసైకిలును దూరంగా పెట్టించాను. షబానా మళ్లీ తిప్పింది. ఈసారి ఆకుపచ్చ గుర్తును నేను లెక్కలోకి తీసుకోలేదు. డ్రోనును మూడు మీటర్ల ఎత్తులో రెండు నిమిషాలు నిలబెట్టించి, నేల మీద దాని నీడ పక్కన గులకరాయి పెట్టి చూశాను. నీడ జానెడు కూడా జరగలేదు.

మొదటి మూడు వరుసలకు ఇద్దరూ విడివిడిగా నాకే అంకె చెప్పారు. నాలుగవ వరుసలో అక్క పదిహేడన్నది. "పదహారేక్కా. ఆ కడది మొద్దు, ఎండిపోయింది," అన్నాడు తమ్ముడు. ఆమె తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసి, అవునన్నది. తొమ్మిదవ వరుసలో రెండు చిన్న మొక్కలు కనబడ్డాయి. అవి అతని లెక్కలో లేవు.

"ఇవి ఎప్పుడు నాటితివి?" అక్కను అడిగాడు ఏసురత్నం.

"నాయన మంచం పట్టినాక. సందులు ఖాళీగా ఉండాయని రోజూ అంటాండె."

అతను వేలితో రెండింటినీ చూపి, కలుపుకోమని నాకు సైగ చేశాడు.

కాలిబ్రేషన్ సరిపోయిందని యంత్రం చెప్పే మాట అది నిలబడిన చోటికి మాత్రమే చెల్లుతుంది. ఆ చోటు ఎటువంటిదో యంత్రానికి తెలియదు. ఆనాటినుంచి డ్రోనును నేలమీద పెట్టే ముందు, ఆ నేల కింద ఏముందో ఎక్కువ కాలం అక్కడ ఉన్నవారిని అడుగుతున్నాను. తరువాత నా కంపాస్‌తో సరిచూస్తున్నాను. రెండూ చేయాలి.

పదకొండు గంటల పది నిమిషాలకు పని ముగిసింది. మొత్తం చెట్లు రెండువందల పదమూడు. మార్తమ్మకు నూటఆరు, ఏసురత్నానికి నూటఆరు. బావి అరుగు పక్కనున్న ఒకటి ఉమ్మడి.