అరవొచ్చా అక్కయ్యా?

పొద్దున లేవగానే ఎవరైనా పళ్లు తోముకుంటారు. మా పై వాటాలో అద్దెకుండే కుర్రాడు, మేం రేకుడబ్బా అని పేరుపెట్టినవాడు మాత్రం ఖాళీ నూనె డ్రమ్ములో తల దూర్చి అరిచేవాడు. అరిస్తే అరిచాడు, సర్దుకుపోదును. ముందుగా కిందికి దిగివచ్చి, దీపం ముందు కళ్లు మూసుకుని కూర్చున్న నన్ను "అరవొచ్చా అక్కయ్యా?" అని అడిగేవాడు. అడగనిదే ఏ చప్పుడూ ముట్టడు. నా ప్రాణం తోడేసింది ఆ మర్యాదే.

పగలు లేత్ మెషీన్ మీద పని, మిగతా వేళల్లో సంగీతం. దాన్ని నాయిస్ అంటారట. రాగం లేదు, తాళం లేదు. రంపాలు, రేకులు, మైకు కీచులు, మధ్యలో ఆర్తనాదాలు. కొందరైతే ప్రమాదాల్లో రికార్డయిన నిజం ఏడుపులే కలిపేస్తారట. ఇంత ఘోరమెందుకు తమ్ముడూ అంటే, "ఘోరాన్ని వీణ మీద ఎలా చెప్పను?" అన్నాడు.

మా గేటు కిర్రుమనడం రికార్డు చేసుకోవడానికి నన్నడిగాడు. మా అత్తగారి గురక కోసం ఆవిణ్ని తట్టి లేపి మరీ అడిగాడు. లేపాక గురకెక్కడిది? ఆవిడ తిట్లు మాత్రం మిగిలాయి. వాటికీ అనుమతి అడిగాడు.

ఒకరోజు ఫ్యాక్టరీలో మెషీన్ల మోత రికార్డు చేస్తుండగా షెడ్డు కూలింది. అక్కడే ఊడ్చే పనిచేసే ఒక తల్లికి కొడుకు దక్కలేదు. ఆమె ఏడుపూ ఆ రికార్డింగులో పడిపోయింది. ఏళ్ల తరబడి రేకుడబ్బా ఎదురుచూసిన కచేరీ అప్పుడే కుదిరింది. నిర్వాహకుడు అది విని, ఆ ఏడుపు ఉంటేనే వేదిక అన్నాడు.

ఆవిడ వినడానికి వస్తుందా ఏమిటి, కానిచ్చేయమన్నారు మావారు.

"అడగాలి బావగారూ" అని నేరుగా ఆమె ఇంటికి వెళ్లాడు.

"వద్దు నాయనా. అది మీరు వినడానికి ఏడ్చింది కాదు" అందట ఆమె. ఆమె ఎదుటే చెరిపేశాడు. వేదికా పోయింది. లేచి వస్తుంటే, షెడ్డు కూలిందని మాత్రం నలుగురికీ వినిపించమందట.

మర్నాడు పొద్దున, నేను దీపం వెలిగించేసరికి డ్రమ్ము దొర్లించుకుంటూ వసారాలోకి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"షెడ్డు పాట మన మేడ మీదే వాయిస్తా అక్కయ్యా. ఆ ఏడుపున్న చోట ఒక అరుపు కావాలి. ఎవరి దుఃఖమూ అరువు తేను. నన్ను కేకలేద్దామని మీరు ఇన్నాళ్లుగా మింగినది ఉంటుందిగా, అదొక్కసారి ఇందులో అరిచిపెట్టరూ?"