జంపక్క అడిగిన ఇల్లు

జంపక్కకు పంతం ఎక్కువని భద్రాచలంలో చాలామంది అనేవారు. అనేవాళ్లకేం, వాగు దాటాల్సింది వాళ్లు కాదు కదా. వానాకాలం వచ్చిందంటే ఆమె గూడేనికీ, చుట్టుపక్కల కోయగూడేలకూ దారి తెగిపోతుంది. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచంమీద మోసుకొచ్చి, వాగొడ్డున దించి, నీళ్లు తగ్గేదాకా ఎదురుచూడాలి. జంపక్క చెల్లెలు అలా ఎదురుచూస్తూనే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

అప్పటినుంచీ ఆమెకు ఒకటే ధ్యాస. వాగుకు ఇవతల, బస్సు ఆగే రోడ్డు పక్కన ఒక ఇల్లు కావాలి. నెలలు నిండినవాళ్లు వానలకు ముందే వచ్చి అందులో ఉండాలి. వండిపెట్టేదీ కనిపెట్టుకుని ఉండేదీ కోయ ఆడవాళ్లే కావాలి. దానికోసం గూడేలన్నీ తిరిగి సంఘం పెట్టింది. గ్రాంటులు అడవికి రాకపోలేదు. కోయల పేరు చెప్పి పట్నం సంస్థల చేతుల్లో పడేవి. రవీందర్ నడిపే సంస్థ అలాంటిదే. బండి వాళ్లది, జీతాలు వాళ్లవి, ఫొటోల్లో నిలబడేది మాత్రం గూడెం మనుషులు.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి నిధులిచ్చే సంస్థ ఒకటి, ఈసారి డబ్బు నేరుగా కోయ సంఘానికే ఇవ్వాలనుకుంటున్నామని కబురు పెట్టింది. సుజాత అనే అధికారిణి ఎండాకాలం చివర చూడ్డానికి వచ్చింది. దారి తెలియదు కనుక రవీందర్ బండిలోనే వచ్చింది.

ఆ రోజు భూమి పండుగ. విత్తనాలు చల్లేముందు మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, పాడుతూ, వచ్చేపోయే బండినల్లా ఆపుతారు. తోచింది చేతిలో పెట్టి, నాలుగు మాటలు సరసమాడి పోవాలి.

బండి ఆగగానే సుజాత కిటికీ అద్దం ఎక్కించుకుంది. "ఏంటిది?"

"గిట్లనే ఉంటది మేడం. తాగుడుకు వసూలు చేస్తరు" అన్నాడు రవీందర్. పండుగ సంగతి అతనికి తెలియక కాదు.

రవీందర్ బండి చూసి, లోపలున్నదెవరో జంపక్క గుర్తుపట్టింది. "వదిలేద్దామా అక్కా?" అని అడిగింది పక్కనున్న బాలి.

"ఎందుకు? మన పని మీద వచ్చిన మనిషి. పండుగ పూటకే వచ్చింది, సంతోషపడ్తది" అని జంపక్క నవ్వుతూ వెళ్లి చేయి చాచింది. పండుగంటే అందరికీ తెలిసే ఉంటుందనుకుంది, అదే ఆమె చేసిన పొరపాటు.

తర్వాత సంఘం మీటింగులో సుజాత అన్నీ విని, చివర్లో అడిగింది. "దారిలో డబ్బులు వసూలు చేసింది మీరే కదా?"

"అవ్ మేడం" అంది జంపక్క, దాచాల్సిందేముందని.

సుజాత రవీందర్ వైపు చూసింది. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అతను తల దించుకుని గోళ్లు చూసుకున్నాడు.

గ్రాంటు వచ్చింది, రవీందర్ సంస్థకు. జంపక్క చెప్పిన చోటే ఇల్లు కట్టారు. గట్టి ఇల్లే, కాదనకూడదు. పనికి మాత్రం టౌను మనుషుల్ని పెట్టుకున్నారు. సంఘం మెల్లగా చెదిరిపోయింది.

మరుసటి ఏడు వానలకు ముందు జంపక్క తన కోడల్ని నడిపించుకుని అక్కడికి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. లోపలినుంచి ఒకావిడ తల బయటపెట్టి "ఎవరమ్మా నువ్వు?" అంది.

జంపక్క కోడల్ని ముందుకు జరిపింది.

"పిల్లకు నెలలు నిండినయ్. లోపలికి రానిస్తరా?" అంది.