చూడి గేదెకు అద్దె ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. చూడి గేదెను వెంటబెట్టుకుని అద్దె ఇల్లు వెతికి చూడు అనలేదు. పాపం, వాళ్ళకా అవసరం పడినట్టు లేదు. నారాయణమ్మకు పడింది.

ఎనభై ఐదు నాటి మాట. ఆవిడ ఊరు ఎప్పుడో ఉక్కు ఫ్యాక్టరీ స్థలంలో కలిసిపోయింది. మిగిలిందల్లా కొడుకు రమణమూర్తి, ఒక పెయ్య. గాజువాకలో ఎవరిదో ఖాళీ జాగాలో పాక వేసుకుని ముగ్గురూ ఏళ్ళు నెట్టుకొచ్చారు. పెయ్య గేదెయింది. కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగమైంది, ఉక్కునగరంలో క్వార్టరు వచ్చింది. రెండో అంతస్తు. గేదె మెట్లెక్కదు కదా!

"పసువుల బేరగాడు పోలిరాజు మంచి బేరం సెప్తన్నాడమ్మా. అమ్మేసి నాతో ఒచ్చీ," అన్నాడు రమణమూర్తి.

"మీ క్వార్టరుకి నువ్వెల్లు. మనూరి గడ్డి తిన్నది ఇదొక్కటే మిగిలింది. నాను దీన్ని ఒగ్గను."

పాక ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది. ఆషాఢం వస్తే ఎవరూ ఇల్లు మారరు. జ్యేష్ఠ అమావాస్య లోపు గేదెకు చోటున్న ఇల్లు దొరికితే సరే, లేదంటే పోలిరాజుకు తోలేయాలి. తల్లీకొడుకులు ఒట్టు వేసుకున్నారు. అమావాస్యకు ఐదు రోజులుంది.

భీమిలిలో పెద్ద పెరళ్ళున్న పాత ఇళ్ళు ఉంటాయని విని బస్సెక్కిందావిడ. మొదటి ఇంటి శ్రీరామ్మూర్తి, "మనుషులెందరు?" అన్నాడు.

"నానొక్కర్తినే బాబూ. నాతో ఓ గేది."

"గేదా! మా సావిట్లో కట్టుకుంటావేటి?"

రెండో ఇంట ఆదిలక్ష్మమ్మ గడప దిగకుండానే మొగదిక్కు లేని మనిషికి ఇల్లివ్వం అనేసింది. "మొగదిక్కుంటే గేదికి సోటిచ్చేత్తావేటమ్మా?" అని మన మనిషి మూతి మీద కొట్టినట్టు అడిగేసి వచ్చేసింది. అలా అడిగితే ఎవరిస్తారండీ ఇల్లు? మూడు రోజులు, తొమ్మిది గుమ్మాలు. చెప్పులు తెగాయి, పట్టు మాత్రం తెగలేదు.

నాలుగో రోజు నారాయణమ్మ మెహబూబ్ బీ ఇంటి గుమ్మం ఎక్కింది. ఒంటరి ముసలమ్మ. భర్త లతీఫ్ బతికున్నాళ్ళూ జట్కా తోలాడు. "గది సూసుకో," అని తలుపు తీసింది. నారాయణమ్మ గది వైపు తలైనా తిప్పలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, తాళం వేసిన రేకుల సాల చుట్టూ అడుగులతో కొలవసాగింది. జన్మలో అద్దెకుండని మనిషి! గోడలు చెమ్మగిల్లాయా, కప్పు కారుతుందా చూసుకోవాలని తట్టనే లేదు.

"అది అద్దెకు నేదు," అంది మెహబూబ్ బీ గట్టిగా. "గుర్రం సాల."

"గుర్రం ఏదప్పా?"

ముసలమ్మ సాల తాళాన్ని చేత్తో తడిమింది. "బస్సులెక్కువై బేరాలు పోనాయి. గుర్రాన్ని అమ్మీ, అమ్మీ అని నానే ఆయన్ని పోరినాను. కొన్నోడు తోలుకెల్తంటే ఈది మలుపు దాకా ఎనక్కి తిరిగి సూసిందమ్మా. ఆ డబ్బు ఏటి సేసామో గుర్తే నేదు."

నారాయణమ్మకు కళ్ళు చెమర్చాయి. "నన్నూ అమ్మీమనే పోరతన్నారప్పా," అంది, అంతే.

మెహబూబ్ బీ లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చింది. తాళం తుప్పు పట్టి తిరగలేదు. ఇద్దరూ కలిసి రాయితో పగలగొట్టారు. మర్నాడు గాజువాక ఆటోనగర్ నుంచి ఖాళీగా వస్తున్న లారీలో గేదె వచ్చి దిగింది.

పాలు పొంగించందే కొత్త ఇంట కాలు పెట్టకూడదు. గేదె చూస్తే వట్టిపోయి ఉంది. ముసలమ్మ పాలు కొనుక్కొస్తానంటే నారాయణమ్మ ససేమిరా అంది. "పాడి మనిషిని. కొన్న పాలు పొంగించుకుంటానా? ఇది ఈని ఇస్తాది. అందాకా నానూ సాలలోనే." అన్నట్టే గది గడప తొక్కకుండా గేదె పక్కన గోనె పరుచుకుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

మూడో రోజు రమణమూర్తి వచ్చాడు. వెనక తాడు పట్టుకుని పోలిరాజు.

"పాలు పొంగలేదు, ఇంట్లో సేరలేదు. ఆషాఢం ఒచ్చీసింది. ఒట్టు ఒట్టే కదమ్మా."

"ఇల్లు ఎవలికోసం ఎతికినాను? గేదికి. అది అమావాస్యకు ముందే సేరింది. నా సంగతి నాను సూసుకుంటాను."

కొడుకు ఓ అడుగు వెనక్కి వేశాడు. పోలిరాజు మాత్రం అడుగు ముందుకేశాడు. మెహబూబ్ బీ వచ్చి సాల గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒకపాలి ఈ గుమ్మంలోంచి తాడు కట్టి పంపించినాను. మల్లీ పంపను. ఎల్లు బాబూ."

పోలిరాజు తాడు చుట్టుకుని బస్టాండు దారి పట్టాడు. రమణమూర్తి తల దించుకుని అతని వెనకే నడిచాడు.

ఆషాఢం సగంలో గేదె ఈనింది. ముందు వచ్చేవి జున్నుపాలు, కాస్తే విరిగిపోతాయి గానీ పొంగవు, వీధంతా పంచిపెట్టారు. వానలకు సాల చిత్తడైనా నారాయణమ్మ చలించలేదు. శ్రావణంలో మొదటి శుక్రవారం గది చూరు కింద పొయ్యి వెలిగించి, సొంత పాలు పెట్టింది. పాలు అంచు దాటి పొయ్యిలోకి చుయ్యిమని పొర్లాయి. అప్పుడు కుడికాలు పెట్టి మొదటిసారి గదిలోకి వెళ్ళింది. చూస్తే ఏముంది, ఈశాన్యం మూల కప్పు ధారగా కారుతోంది!

"ముందే గది సూసుకోమన్నానా నేదా?" అని మెహబూబ్ బీ పగలబడి నవ్వింది. నారాయణమ్మ కారే చోట తపేలా పెట్టి, చెంబుతో పాలు తీసుకుని వీధిలోకి వచ్చింది. విశాఖ బస్సు కండక్టరుకు తాగమని ఆ పాలు ఇచ్చి కబురు చెప్పింది.

"ఉక్కునగరం బస్సోల్ల సేత మా రవణకి సెప్పించు బాబూ. ఆదివారం మా ఇంటికి రమ్మను."