పన్నుకు బదులుగా నేను

ఆ రోజుల్లో వరసగా మూడు రోజులు సెలవులు వస్తున్నాయంటే చాలు, బెంగుళూరులో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి ఎక్కడికైనా పోవాలనిపించేది. (ఇప్పటికీ అనిపిస్తుంది. ఊరు దాటడానికి పట్టే సమయం మాత్రం పెరిగింది.) మా తరగతి పిల్లలు కూర్గుకో ఊటీకో పోయి, సోమవారం ఏనుగు మీద ఎక్కిన కథలతో బడికి వచ్చేవాళ్ళు. నేను కాడుగోడి నుంచి యలహంకకు పోయేదాన్ని. ఒకే ఊళ్ళో ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడాన్ని ప్రయాణం అనవచ్చా అని నా పక్క బెంచీ పిల్ల ఒకసారి అనుమానం వెలిబుచ్చింది. దారిలో వాంతి చేసుకున్నాను కాబట్టి అది ప్రయాణమేనని నేను గట్టిగా వాదించాను.

యలహంక పాత ఊళ్ళో మా అమ్మ వాళ్ళ అమ్మానాన్నలు, అంటే మా అవ్వా తాతా ఉంటారు. వాళ్ళు ఎన్నో తరాలుగా ఇక్కడివాళ్ళే. తాత చాలా ఏళ్ళు గుడ్డలంగడి నడిపి, మోకాళ్ళు మొరాయించాక మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. మా నాన్నది కోస్తా వైపు, ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే అల్లుడైపోయిన మనిషి. తాత మాట్లాడే తెలుగు నాన్నకు సగమే అర్థమయ్యేది, నాన్న తెలుగు తాతకు మరీ మర్యాదగా వినిపించేది. అందువల్లనేమో మామా అల్లుళ్ళ మధ్య ఎన్నడూ మాటామాటా రాలేదు.

నేను ఒకటో తరగతిలో ఉండగా, జెండా పండుగ శుక్రవారం నాడు పడింది. నాన్న ఆఫీసులో ఎవరిదో పెళ్ళి మైసూరులో ఉందని అమ్మా నాన్నా నన్ను అవ్వ దగ్గర దింపారు. దింపేటప్పుడు అమ్మ చాలా జాగ్రత్తలు చెప్పింది. కాచిన నీళ్ళే తాగించాలి, వీధిలో ఆవుల దగ్గరికి పోనివ్వకూడదు, మిద్దె మీద ఆడనివ్వకూడదు, కింది వరసలో ముందు పన్ను ఊగుతోంది కనుక మెత్తటివే పెట్టాలి. అవ్వ అన్నిటికీ "ఆయెనమ్మా, ఆయెను" అని తలూపింది. తాత కూడా ఊపాడు. ఇద్దరూ ఇట్టే ఒప్పుకుంటే ఒక్కటీ జరగదని అమ్మకు తెలిసి ఉండాల్సింది, పుట్టి పెరిగిన ఇల్లే కదా.

ఆ పన్ను నా మొట్టమొదటి పన్ను. తరగతిలో సగం మందికి అప్పటికే ఊడిపోయి, వాళ్ళు ఆ సందులోంచి ఈల వేస్తూ దర్జాగా తిరుగుతున్నారు. నాది మాత్రం ఊగడమే గాని ఊడడం లేదు. అవ్వ నన్ను వెలుతురులో కూర్చోబెట్టి, వేలితో కదిపి చూసి, "రెండు దినాల్లో రాలిపోతాదిలే. రాలినాక నాకియ్యి, యాడా పారేయద్దు" అంది.

"ఎందుకు?"

"పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి ఎయ్యల్ల. అప్పుడే కొత్త పన్ను మొలిచేది."

"వెయ్యకపోతే?"

"ఎయ్యకపోతే యాడనుండి వస్తాది పాపా? మీ తాతను చూడు. చిన్నప్పుడు పన్ను చెరువులో పారేసినాడు. ఏమాయె?" అంది అవ్వ. పేపరు చదువుకుంటున్న తాత ఆ మాట వినగానే పేపరు దించి, నోరు బారెడు తెరిచి, ముందున్న ఖాళీ చూపించి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. (ఆ పన్ను అంతకు ముందు ఏడాదే, చెరుకు గడ కొరుకుతుండగా ఊడిందని చాలా కాలం తరువాత తెలిసింది. సాక్ష్యం చెప్పమంటే వెనకాముందూ చూసే రకం కాదు మా తాత.)

అంతటి సాక్ష్యం కళ్ళారా చూశాక నాకు పెద్ద బెంగే పట్టుకుంది. కాడుగోడిలో మేముండేది తొమ్మిదో అంతస్తు. కప్పు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, వాచ్‌మన్ పిల్లల్ని పైకి పోనివ్వడు. పేడ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే నా పన్ను ఊడితే గిడితే యలహంకలోనే, ఈ మూడు రోజుల్లోనే ఊడాలి. లేకపోతే తాత నోరే నా నోరు. అప్పటి నుంచి నేను నాలుకకు ఒక్క క్షణం విశ్రాంతి ఇస్తే ఒట్టు.

శనివారం మధ్యాహ్నం అవ్వ రాగి సంగటి, అనపగింజల పులుసు చేసింది. మా ఇంట్లో సంగటి వండరు, నాన్నకు అది గొంతు దిగదు. తాత నాకు ఎదురుగా కూర్చుని, వేడి వేడి ముద్దలోంచి గోళీ అంత తుంచి, పులుసులో దొర్లించి, సంగటి తినే విధానం బోధించాడు. "ఇదో పాపా, దీన్ని నమలగూడదు. నమిల్తే మర్యాద పోతాది. నాలిక మీద పెట్టుకొని గుటుక్కున మింగేయల్ల." నేను నమిలాను. ముద్ద పళ్ళకు అంటుకుపోయింది. "చెప్తి కదప్పా!" అని తాత మళ్ళీ చూపించాడు. నాలుగైదు సార్లు పొలమారిన తరువాత కిటుకు పట్టుబడింది. గుటుక్కు, గుటుక్కు. తాత ముఖం వెలిగిపోయింది. "చూసినావా, మన రక్తం! అల్లుడికి ఇన్నేండ్లైనా రాకపాయె, పాప ఒక్క పూటలో నేర్చె" అని అవ్వను పిలిచి మరీ చూపించాడు. ఆ మెప్పు కోసం ఇంకో ముద్ద కూడా మింగాను.

చేయి కడుక్కుని పుక్కిలించేటప్పుడు నాలుక అలవాటుగా పన్ను దగ్గరికి పోయింది. అక్కడ పన్ను లేదు.

కంచం వెతికాం, పులుసు గిన్నె వెతికాం, అవ్వ నేలంతా చీపురుతో ఊడ్చి ఆ దుమ్ము చేటలో పోసి చెరిగింది కూడా. ఎక్కడా లేదు. చివరికి ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. "మింగేసె" అంది అవ్వ మెల్లగా. నేను ఏడుపు లంకించుకున్నాను. ఆ ఏడుపు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు నాకున్న ఒక్క జీవితంలో ఒక్క మొదటి పన్ను, దాన్ని నేనే సంగటితో పాటు మింగేశాను, ఇక అది రాదు. అవ్వ బెల్లం పెట్టింది. బెల్లం తింటూ ఏడ్చాను. "అదంతా పెద్దోళ్ళు ఊరికే చెప్పే మాటమ్మా" అని అవ్వ తన మాట తానే వెనక్కి తీసుకోబోయింది. నేను వేలు పెట్టి తాత నోటిని చూపించాను. అవ్వ ఇంకో బెల్లం ముక్క కోసం లోపలికి పోయింది.

తాత ఆ సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని గడ్డం గోక్కుంటూ ఉండిపోయాడు. సంగటి మింగమన్నది తనే కదా, ఆ బరువు ఉన్నట్టుంది. ఆదివారం పొద్దున నేను ఉప్మా ముందు మూతి ముడుచుకుని కూర్చుంటే వచ్చి, అంగడిలో బేరం తెగ్గొట్టే గొంతుతో అన్నాడు. "పాపా, పన్ను యాడుండాది?"

"కడుపులో."

"పన్ను యాడికి పోవల్ల?"

"కప్పు మీదికి."

"అయితే ఇంకేంది? నువ్వు కప్పెక్కితే పన్ను కప్పెక్కినట్లే."

ముడిచిన నా మూతి ఠక్కున విచ్చుకుంది. అంత సబబైన మాట నేను అంతకు ముందు వినలేదు. (తరువాత కూడా అరుదుగానే విన్నాను.) అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. పిల్లను కప్పెక్కించడం గురించి కాదు, పద్ధతి గురించి. "మిద్దె మీద గుడ్డలారేస్తాము, వడియాలు పెడతాము, అందరూ తిరిగే తావు అది. అది కప్పు లెక్క కాదు. వంటింటి పెంకుల మీదికి పోవల్ల. ఇంగ పేడ లేకుండా ఎట్ల?" అని తనే వీధి చివర పాలామె దొడ్లోకి పోయి, ఆకులో పేడ తెచ్చింది. పన్ను పేడలో ఉండాలి, పన్ను నా లోపల ఉంది, కాబట్టి నన్నే పేడలో పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. కాసేపు తర్జనభర్జన పడి, గౌను పైకెత్తి, బొడ్డు చుట్టూ పేడతో గుండ్రంగా పూస్తే చాలునని పెద్దలిద్దరూ తీర్మానించారు. చల్లగా ఉండి చక్కిలిగిలి పెట్టింది.

వంటిల్లు ఇంటి వెనక, పొట్టి గోడల మీద పెంకులు కప్పిన పాత గది. తాత నిచ్చెన వేసి, నా నడుముకు తన తువ్వాలు బిగించి, ఆ కొస చేతికి చుట్టుకుని, మొరాయించే మోకాళ్ళతోనే నాతో పాటు నిచ్చెన ఎక్కాడు. ఒక్కో మెట్టుకూ "అయ్యప్పా" అన్నాడు. అవ్వ కింద నిచ్చెన పట్టుకుని, మోకాళ్ళనీ నన్నూ కలిపి చూసుకొమ్మని హెచ్చరిస్తూ నిలబడింది. నేను చూరు దగ్గర పెంకుల మీద కూర్చున్నాను. గౌను చంకల దాకా ఎత్తి పట్టుకుని, పేడ బొడ్డును ఎండకు చూపిస్తూ. ఏమనాలో ఎవరికీ తెలియదు కనుక తాత "పాత పన్ను తీసుకో, కొత్త పన్ను ఇయ్యి" అని నాచేత చెప్పించాడు. ఎవరిని అడుగుతున్నామో అడగాలని నాకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే అమ్మా నాన్నా పెరటి గుమ్మంలోకి వచ్చారు. సాయంత్రం వస్తామన్నవాళ్ళు, ట్రాఫిక్ ఎక్కువవుతుందని పొద్దున్నే బయల్దేరారట. అమ్మ అక్కడున్న అందరి కోసం కలిపి అరిచింది. "నాయనా! ఏం చేస్తా ఉండావు నువ్వు? ఆ మోకాళ్ళతో నిచ్చెనా? పిల్లను కప్పు మీద కూచోబెట్టేదా? ఆ పొట్టకు ఏంది?"

"పేడమ్మా" అంది అవ్వ, అదేదో ఊరట కలిగించే సంగతి అన్నట్టు.

తాత నిచ్చెన మీద నుంచే, నన్ను వదలకుండా, జరిగిందంతా అల్లుడికి విన్నవించాడు. పన్ను, సంగటి, కడుపు, కప్పు. అమ్మ నాన్న వైపు తిరిగి, "మీరైనా చెప్పండి" అంది. ఇంట్లో మంచినీళ్ళ ఫిల్టరు గురించి గంటలు గంటలు మాట్లాడే మనిషి మా నాన్న. చెప్పులు విడిచి, నిచ్చెన దగ్గరికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఎంతో వినయంగా అన్నాడు.

"అంతా బానే ఉందండీ మామయ్యగారూ. కాకపోతే మా వైపు తూర్పుకి తిరిగి వేస్తాం. పాప పడమటికి కూర్చుందేమో, ఒకసారి చూడండి."

తాత చూశాడు. నిజమే. "అల్లుడు చెప్పింది కరెక్టే" అని నన్ను జాగ్రత్తగా అటు తిప్పి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పించాడు. అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది. కిందికి దిగాక నాకు రెండుసార్లు సబ్బుతో స్నానం, తాతకు మోకాళ్ళకు తైలం, నాన్నకు దారి పొడుగునా మౌనం.

కొన్నాళ్ళకు పన్ను వచ్చింది. తెల్లగా, అంచున రంపంలాగా, పాత పన్ను కన్నా పెద్దది. ఫోన్ చేసి చెబితే తాత పాత ఊరంతా చెప్పుకుని వచ్చాడని అవ్వ అంది. ఆ తరువాత ఊడిన పళ్ళు తొమ్మిదో అంతస్తులోనే ఊడాయి, చెత్తబుట్టలోకే పోయాయి, ఏ అడ్డూ లేకుండా మళ్ళీ మొలిచాయి. అప్పుడు నాకు అనుమానం రాలేదు. ఐదో తరగతి సైన్సులో పళ్ళ పాఠం వచ్చాకే నాకు జ్ఞానోదయమైంది. ఆ వారం చివరి దాకా ఆగలేక ఆగి, యలహంక పోగానే చెప్పులు కూడా విప్పకుండా తాతకు మొత్తం పాఠం అప్పజెప్పాను. పాలపళ్ళ కింద అసలు పళ్ళు ముందే ఉంటాయని, కప్పుతోనూ పేడతోనూ పని లేదని, అవి వాటంతటవే వస్తాయని.

తాత శ్రద్ధగా విన్నాడు. అన్నీ విని, కాసేపు తన మోకాళ్ళ కేసి చూసుకుని, చిన్నగా అడిగాడు. "అట్లనా పాపా? అయితే నీది కూడా ఊరికేనే వచ్చిందంటావా?"

పుస్తకంలో జవాబు స్పష్టంగా ఉంది. పరీక్షలో అదే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని ఆ ముఖం చూస్తూ ఆ జవాబు చెప్పడం నావల్ల కాలేదు. "లేదు తాతా, అందరివీ ఊరికే వస్తాయి. నాది మాత్రం కప్పెక్కితేనే వచ్చింది" అన్నాను.

తాతను ఊరడించడానికి ఆ రోజు అబద్ధం ఆడాననే అనుకున్నాను, అంత పెద్దదాన్నైపోయానని కాస్త గర్వపడ్డాను కూడా. ఇప్పుడు ఎంత ఆలోచించినా అందులో అబద్ధమేమిటో నాకు దొరకడం లేదు.