కళ్లంలో కుప్పలుండగా వానపాట

వేరుశనగ కోతలప్పుడు సెమినార్లు పెట్టే వాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అదీ కరువు మీద సెమినార్. కరువు గురించి మాట్లాడుకోవడానికి మా జిల్లాలో ఏడాది పొడుగునా వీలుంటుంది. అయినా ఊళ్లలో ఆడా మగా చేలల్లో నడుం ఎత్తకుండా ఉండే కార్తీకంలోనే పెడతారు. అప్పటికి ఎండలు తగ్గుతాయి, బయటి నుంచి వచ్చే పెద్దలకు హాయిగా ఉంటుంది, పనిలో పనిగా పుట్టపర్తి కూడా చూసి పోవచ్చు.

తొంభైల చివరి మాట ఇది. నేను అనంతపురంలో తెలుగులో పరిశోధన చేస్తుండేదాన్ని. సంస్థ పేరు చెప్పను. అలాంటివి అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. నా విషయం ఆడవాళ్ల వానపాటలు. హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితురాలిది గణాంకశాస్త్రం. వాళ్లది శింగనమల దగ్గర పల్లె, వాళ్ల నాయనకు కొంచెం మెట్టభూమి. ఒక వాన పడ్డాక ఇంకో వాన పడేదాకా ఎంత ఎడం వస్తుందో లెక్కగట్టడం ఆమె పరిశోధన. నేను క్యాసెట్లు మోసుకొచ్చేదాన్ని, ఆమె మండలాఫీసుల నుంచి వర్షపాతం అంకెలు రాసుకొచ్చేది. గది నిండా దుమ్ము, కాగితాలు.

పాటలకూ లెక్కలకూ ఏం పొత్తని అందరూ నవ్వేవాళ్లు. కానీ కొన్నాళ్లకు మాకే అర్థమైంది, మా ఇద్దరిదీ ఒకే ప్రశ్న అని. ఈ పాట ఏ కార్తెలో పాడతారని ఆమె అడిగేది. నేను చెబితే తన వాన గ్రాఫు గీతల్లో ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేది. పాడితే వాన వస్తుందా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగవని నేనే ఒకరోజు కదిలించాను.

"అది నా లెక్క కాదు మే. వాళ్లు ఎప్పుడు అడుగుతారు, ఎప్పుడు అడగరు. నాకు కావల్సింది అంతే" అంది.

నా పరిశోధనకు ఆ మాటే ఆధారమైంది. ఊళ్లో వాన లేక విత్తనం మాడిపోతున్నప్పుడు ఆడవాళ్లు మట్టితో వానదేవుణ్ని చేసి, పీట మీద పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి పాడతారు. ఇంటివాళ్లు ఆ బొమ్మ మీద చెంబుతో నీళ్లు పోస్తారు. నల్లమాడ వైపు నేను తిరిగిన ఊళ్లో మొదటి చెంబు దర్జీ పని చేసే సాయిబుల ఇంట్లో పోయాలి. అది ఆ ఊరి ఆచారం. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పడం మాత్రం ఎప్పుడూ లేదు. పాడాల్సిన కాలం ఎంత గట్టిగా ఉందో, పాడకూడని కాలం అంతకంటే గట్టిగా ఉంది. శనక్కాయ చెట్లు పీకాక, కాయ తెంపి ఇంటికి చేర్చేదాకా ఎవరూ ఆ పాట ఎత్తరు. పిల్లలు ఆటలో కూనిరాగం తీసినా నోటి మీద కొడతారు.

ఇదంతా ఒక అధ్యాయంగా రాసి, మధ్యలో స్నేహితురాలి గీతలు చేర్చి, చివర్లో పాటలు జతచేసి మా శాఖాధిపతికి ఇచ్చాను. నా గైడూ ఆయనే. ఆయన సంతకం లేనిదే థీసిస్ గడప దాటదు. మొదట్లో నా స్నేహితురాలి గీతలు చూసి, "తెలుగులో డిగ్రీ తీసుకుంటావా, వాతావరణ కేంద్రం తెరుస్తావా?" అని వెక్కిరించారు. ఆ పేజీలు తీసేయమన్నారు. ఇంతలో పైనుంచి, వేర్వేరు శాఖలు కలిసి పరిశోధన చేస్తేనే డబ్బులిస్తామని కబురొచ్చింది. మర్నాటికల్లా మేమిద్దరం ఆయన కలలు పండించిన బిడ్డలమైపోయాం. సాహిత్యం, చరిత్ర, తత్వం, గణితం ఒకే వేదిక మీద కలవాలని తాను ఎన్నేళ్లుగానో తపిస్తున్నానని బ్యానర్ కింద నిలబడి చెప్పారు. సిగ్గు అనేది కొందరికి పుట్టుకతోనే ఉండదు.

"సెమినార్‌లో ఆ ఆడవాళ్ల చేత పాడించాలి. జీపు పంపిస్తా, తీసుకురా" అన్నారు.

పాడరు సార్, ఇది కోతల కాలం, అధ్యాయంలో రాశాను కదా అన్నాను. చదవలేదని తెలిసిపోయింది. అయినా వెళ్లి అడగమన్నారు. సరే అడిగి చెబుదామని నల్లమాడ వైపు బస్సెక్కాను.

పాటలు ఎత్తే అవ్వ చేన్లోనే దొరికింది. పీకిన చెట్లు ఎర్రమట్టితో కుప్పలుగా ఆరుతున్నాయి. ఆమె, ఆమె కోడలు కూర్చుని కాయలు తెంపుతున్నారు. నేను చెప్పింది విని అవ్వ చేతిలోని చెట్టును కింద పెట్టింది.

"ఏం పాపా, తెలిసినదానివి నువ్వే అడిగితే యాడన్నా ఉండాదా? పంట ఇట్ల బయట పండుకోనుండాది. ఇప్పుడు వాన పడితే కాయ మొలకొస్తాది, చెట్ల కట్టె కుళ్లిపోతాది, ఎద్దులకు మేత కూడా ఉండదు. ఆ స్వామిని ఇప్పుడు రమ్మని ఏ నోటితో పిలవల్ల?"

"నేను మిమ్మల్ని రమ్మనడం లేదవ్వా. అడిగినా రారని మా సారుకు చెప్పాలి కదా, అందుకే వచ్చినా."

"అట్లనే చెప్పు. ఆషాఢంలో రమ్మను. ఆయన్నే పీట మోయమను" అని కోడలితో పాటు నవ్వింది.

తిరిగొచ్చి చెప్పాను. పీట సంగతి చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి, "నీ థీసిస్ మీద సంతకం ఎవరు పెట్టాలో గుర్తుందా?" అన్నారు. గుర్తుందన్నాను. "అయితే వాళ్లు రాకపోతే రాకపోనీ. పాటలు నీ అధ్యాయంలో ఉన్నాయిగా" అంటూ సొరుగులోంచి నా కాగితాలే తీశారు.

ఎం.ఏ. అమ్మాయిల చేత సాధన మొదలైంది. పట్టుచీరలు, ప్లాస్టిక్ బిందెలు, థర్మోకోల్‌తో చేసిన వానదేవుడు. నేను మూడుపూటలా వెళ్లి గొడవపడ్డాను. ఆ పాటలు నావి కావు, నాకు నమ్మి చెప్పినవి అన్నాను. "జానపదం అందరి సొత్తమ్మా, దానికి కర్త ఉండడు" అని నాకే పాఠం చెప్పారు. కర్త లేకపోతే అడిగే పనే లేదన్నమాట! ఆయన రాసిన గైడుపుస్తకంలో నాలుగు వాక్యాలు ఎవరైనా ఎత్తి రాస్తే మాత్రం కోర్టుకెక్కుతానని బెదిరించే మనిషి.

సెమినార్ నాడు పొద్దున్నుంచే మబ్బు పట్టింది. సముద్రంలో అల్పపీడనమని రేడియో చెప్పింది. నా స్నేహితురాలు టిఫిన్ ముట్టలేదు. వాళ్ల నాయన మొన్ననే చెట్లు పీకించారు. చరిత్ర ఆచార్యులు చెరువు శాసనాల గురించి మాట్లాడారు. తత్వశాస్త్రం ఆయన, కరువంటే నిజానికి ఒక భావన మాత్రమే అన్నారు. భోజనాలయ్యాక పాట, ఆ తర్వాత నా స్నేహితురాలి పత్రం.

అమ్మాయిలు పాట ఎత్తుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, చెప్పింది చేశారు. రెండో చరణంలోకి వచ్చేసరికి రేకుల కప్పు మీద టపటపమని మొదలైంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముందు వరసలో ఒకాయన లేచి కిటికీ తెరిచాడు. ఇక చూడాలి ఆ సంబరం! హాలంతా లేచి నిలబడి చప్పట్లు. మా శాఖాధిపతి మైకు లాక్కుని, "చూశారా, జానపదానికున్న శక్తి!" అని అరిచారు. మళ్లీ చప్పట్లు. కరువు మీద పత్రాలు పట్టుకొచ్చిన పండితులు ఆ వాన ఎవరి పంట మీద పడుతోందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నా స్నేహితురాల్ని పిలిచారు. ఆమె వేదిక ఎక్కింది. ప్రొజెక్టర్ మీద షీటు పెట్టలేదు. "మా నాయన శనక్కాయ పీకి చేన్లో ఏసినాడు. నేను పోయి ఫోన్ చేయల్ల" అని చెప్పి దిగిపోయింది. అదేదో చమత్కారం అనుకుని కొందరు నవ్వారు, మళ్లీ చప్పట్లు కొట్టారు. అప్పుడు లేచాను నేను. చప్పట్లు ఆపండి, మీరు కొడుతున్నది జనం నోటి కూడు మీద అని గొంతు చించుకున్నాను. ఎంతమందికి వినబడిందో తెలియదు, రేకుల చప్పుడు అలా ఉంది. మా శాఖాధిపతికి మాత్రం వినబడింది.

ఎస్టీడీ బూత్‌లో ఆమె తడిసి నిలబడి ఉంది. వాళ్ల ఊళ్లో ఉన్న ఒకే ఫోను ఎరువుల అంగట్లో. ఎవరూ ఎత్తడం లేదు. "ఈ వారంలో వాన పడేది తక్కువ అని రాసినా మే నేను" అంది. "తక్కువ అని రాసినానే కానీ, ఆ తక్కువ ఎవరి నెత్తిన పడతాదో రాయలేదు." మళ్లీ నంబరు తిప్పింది. తర్వాతి రోజుల్లో ఆమె ఆ లెక్కనే మళ్లీ మొదటి నుంచీ కట్టింది, పంట కళ్లంలో ఉన్నప్పుడు పడే వాన ఎంత చేటు చేస్తుందో కలుపుకుని. ఆరోజు మాత్రం ఏడ్చింది, నేనూ ఏడ్చాను. దుఃఖం కంటే కోపంతోనే ఎక్కువ.

వాన రోజుల తరబడి విడవకుండా కొట్టింది. తెరిపిచ్చాక నల్లమాడ వైపు వెళ్లాను. చేన్లో కుప్పలు నల్లబడి ఆవిరి కక్కుతున్నాయి. కాయల్లోంచి తెల్లగా మొలకలు. ముక్కు పట్టలేని వాసన. అవ్వ కుప్ప అడుగు నుంచి కట్టె తిరగేస్తూ, పనికొచ్చేది ఏమన్నా ఉందేమోనని ఏరుతోంది. నన్ను చూసి మళ్లీ కుప్పకేసి తిరిగింది. కోడలు లోపలికెళ్లి ఒక పేపరు తెచ్చి చూపించింది. జిల్లా పేజీలో పట్టుచీరల అమ్మాయిల ఫోటో. పాడగానే కురిసిన వాన అని పెద్ద అక్షరాలు. బడి అయ్యవారు ఊరందరికీ చదివి వినిపించాడట.

నేను ఆపాలని చూశానవ్వా, నా మాట వినలేదు అన్నాను. అవ్వ మొలకొచ్చిన కాయను పక్కకు విసిరింది.

"వాన మీ పాటకు రాలేదులే పాపా. అంతమాత్రం నాకు తెలీదా? అది వచ్చేదే, వచ్చింది. మేము అడగొద్దనుకున్న దినం మా మాటతో మీరు అడిగినారు. నా పంట నానిపోతాంటే నువ్వు పోయిన ఆ మీటింగులో అందరూ లేచి చప్పట్లు కొట్టినారంట గదా. అదీ నాకు కడుపు మండేది."

ఆమె పక్కన కూర్చుని సాయంత్రం దాకా కాయలు ఏరాను. బస్సు వేళకు లేస్తుంటే, "ఆ పాటలు మళ్లీ ఆయనకు ఇయ్యొద్దు" అంది.

ఇవ్వలేదు. అధ్యాయం చివరి పేజీలు చించేసి, పాటలు ఎప్పుడు పాడతారో, ఎప్పుడు పాడరో, ఎందుకో ఆ భాగం మాత్రం ఉంచాను. ఆయన సంతకం పెట్టనన్నారు. గైడును మార్చుకోవడానికి నేను తొక్కని గడప లేదు. రెండువేల సంవత్సరం దాటి చాలాకాలం గడిచాక గానీ నా వైవా జరగలేదు. అదీ కార్తీకంలోనే పెట్టారు.

పరీక్ష చేయడానికి పొరుగు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దాయన థీసిస్ అటూ ఇటూ తిరగేసి, "పాటల గురించి ఇంత రాశారు, ఒక్క పాటా లేదేమిటి? పోనీ ఒకటి పాడి వినిపించండి" అన్నారు. మా పాత శాఖాధిపతి రెండో వరసలో కూర్చుని ఉన్నారు, ముఖంలో చిరునవ్వుతో.

"బయట శనక్కాయలు కళ్లంలో ఉన్నాయి సార్. ఆషాఢంలో రండి, ఊరికి తీసుకెళ్తాను. వాళ్లు పాడతారు, మీరు పీట మోయాలి" అన్నాను.

ఆ గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు కావల్సిందీ అదే.